నూట నలభై మూడు వీడియోల్లో ఒకే బొటనవేలు

మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున కురుక్షేత్రం నడుస్తోంది. ఇంటర్నల్ మార్కులు ఇంకా ఎక్కించని మహానుభావులు ఎవరని ప్రిన్సిపల్ అడగడం, మహానుభావులంతా కలిసి నేరాన్ని సర్వర్ మీదికి నెట్టడం. ఆ బాణాల మధ్య ఆఫీసు క్లర్కు ఒక మెసేజి పడేశాడు: 'మన కాలేజీలో పనిచేసిన స్వీపర్ ఈ ఉదయం చనిపోయినారు. ఓం శాంతి.'

యుద్ధం ఆగింది. దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడ్డాయి. లెక్కపెట్టాను, ముప్పై నాలుగు జతలు. అందులో మొదటి జత నాది. ఇలాంటి పనుల్లో నా వేలు మెరుపుకన్నా ముందుంటుంది. ఐదు నిమిషాలయ్యాక అందరూ మళ్లీ సర్వర్ దగ్గరికి వెళ్లిపోయారు.

నేను మాత్రం 'స్వీపర్' అన్న మాట దగ్గరే ఉండిపోయాను. ఆ మనిషి మా రసాయనశాస్త్ర ప్రయోగశాలను పద్దెనిమిదేళ్లు నడిపాడు. ఊడ్చిన మాట నిజమే, పొద్దున పదిహేను నిమిషాలు. మిగతా రోజంతా అక్కడ రసాయనశాస్త్రం ఆయన చేతుల్లో జరిగేది. నేను పక్కన నిలబడి దానికి పేర్లు పెట్టేవాణ్ని.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయవలసిన చోటు ఒకటి వేరే ఉండేది. అక్కడ రాయమని ఆయన నోరు తెరిచి అడిగాడు కూడా. అప్పుడు రాయని పేరును ఇప్పుడు రాసి పుణ్యం కొట్టేయడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. పిల్లలంతా కాకా అనేవాళ్లు, నేనూ అదే అంటాను. నారాయణఖేడ్‌లో నేను పాఠాలు చెప్పే ఆ డిగ్రీ కాలేజీ పేరు కూడా అడగొద్దు. నా ఉద్యోగం ఇంకా ఉంది.

మా ల్యాబు గురించి చెప్పాలి. ముసలివాళ్లు కాశీకి చేరినట్టు ప్రపంచంలోని బ్యూరెట్లన్నీ చివరి రోజుల్లో మా ల్యాబుకు చేరతాయి. పన్నెండింటిలో పదకొండింటికి పక్షవాతం. కొన్నిటి కుళాయి తిరగదు, కొన్నిటిది తిరిగితే ఆగదు. పన్నెండోది ఒక్కటే ఆరోగ్యవంతురాలు. కాకా దాన్ని పాత లుంగీలో చుట్టి, బీరువాలో పై అరలో, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టేవాడు. కుళాయికి వ్యాసిలిన్ రాసేటప్పుడు ఎవరైనా తుమ్మితే కోపం వచ్చేది.

ఇక సీసాలు. ఆమ్లాల పొగకు లేబుళ్లు నెలకొకసారి రాలిపోయేవి. కాకాకు ఇంగ్లిష్ రాదు కాబట్టి అవి ఉన్నా ఒకటే, రాలినా ఒకటే. ఆయన ప్రతి సీసా మెడకూ ఒక దారం కట్టాడు. నత్రికామ్లానికి పసుపుదారం, గంధకామ్లానికి నల్లదారం మూడు ముళ్లతో, అమ్మోనియాకు చీర అంచులోంచి చింపిన ఆకుపచ్చ పేలిక. చూడ్డానికి మందుల బీరువా మొక్కులు చెల్లించే చెట్టులా ఉండేది. పద్దెనిమిదేళ్లలో ఒక్క సీసా కూడా తారుమారు కాలేదు. సైన్సు చదివిన నేను మాత్రం రెండుసార్లు తప్పు సీసా అందుకున్నాను. రెండుసార్లూ వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

ఆ చెయ్యి గురించి చెప్పకపోతే ఈ వ్యాసమే లేదు. కుడి బొటనవేలు నత్రికామ్లానికి మండి మండి, పెళ్లికూతురికి నలుగు పెట్టినంత పసుప్పచ్చగా ఉండేది. గోరు మధ్యలో నిలువునా చీలిక. ఎడమచేతి వేళ్ల మీద సిల్వర్ నైట్రేట్ చుక్కలు, ఎవరో అగరుబత్తితో కాల్చినంత నల్లగా. ఆధార్ కార్డు వాళ్లు వేలిముద్ర తీసుకోవడానికి ఆయన్ని మూడుసార్లు తిప్పారట. ముద్రలన్నీ ఆమ్లాలు తినేశాయి. "నా ముద్రలు మందు తాగింది సారూ, ఇగ నన్ను పోలీసోడు గుడ పట్టలేడు" అని గర్వంగా చెప్పేవాడు.

ఊరు నాగల్‌గిద్ద అవతల, కర్ణాటకకు కూతవేటు దూరం. అందుకని తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ అత్యవసరమైతే కన్నడంలోకి దూకేవాడు. టైట్రేషన్లో రంగు మారే క్షణం చాలా అత్యవసరం కదా. బ్యూరెట్లోంచి చుక్క చుక్క జారుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాడు. సరిగ్గా ఆ చుక్క పడగానే "సాక్!" అని అరిచేవాడు. ఇక చాలు అని. ఆ కేకకు పక్క గదిలో గణితం సారు సుద్దముక్క వదిలేసేవాడు.

రంగులకు ఆయన లెక్కలు వేరు. "ఉల్లిగడ్డ లోపటి పొర లెక్క గులాబి రావాలె పిలగా. గాడ ఆగాలె. గులాలయ్యిందనుకో, గంగల కలిసినట్టే." ఫినాఫ్తలీన్‌ను ఆయన దొంగనీళ్లు అనేవాడు. చూడ్డానికి నీళ్లే, లోపల రంగు దాచుకుంటుందని. పరీక్షనాళికలో గంధకామ్లం పోసేటప్పుడు గొంతు తగ్గించి, "గోడ పొంట పిల్లి పోయినట్టు పోవాలె. దుంకిందనుకో, మొఖం పోతది" అనేవాడు. ఆయన చేతిలో పిల్లి ఎన్నడూ దూకలేదు. నేను బోర్డు మీద మూరెడు సమీకరణం రాసి వెనక్కి తిరిగితే పిల్లలు నన్ను కాదు, తలుపు దగ్గర నిలబడ్డ కాకాను చూసేవాళ్లు, నిజమేనా అన్నట్టు. ఆయన తల ఊపితేనే నోట్సులోకి ఎక్కేది.

ఇంత చక్కగా సాగుతున్న సంసారంలోకి శనిని తెచ్చింది నేనే.

హైదరాబాద్‌లో అధ్యాపకులకు శిక్షణ అని రెండు వారాలు పంపారు. ఏసీ గది, గంటకోసారి చాయ్, అరగంటకోసారి జ్ఞానం. అక్కడొక పెద్దాయన చెప్పాడు, ఇప్పుడు యూనివర్సిటీల్లో అసైన్‌మెంటు అంటే కాగితాలు కాదట, వీడియో అట. విద్యార్థి తనే ఒక ప్రయోగం చేసి, తనే వివరిస్తూ, మూడు నిమిషాల వీడియో తీయాలి. చూసి రాయడం తప్పుతుంది, అర్థం చేసుకోవడం మొదలవుతుంది. మాట మంచిదే, ఇప్పటికీ మంచిదే అంటాను. నేను తిరుగు బస్సులో సంగారెడ్డి దాటేసరికి మొత్తం భారతదేశ విద్యావిధానాన్ని మార్చేశాను. జోగిపేట వచ్చేసరికి నాకు సన్మానం కూడా అయిపోయింది.

మర్నాడే నియమాలు టైపు చేసి గోడకు అంటించాను. అందులో మూడోది నాకు చాలా ఇష్టమైన నియమం: 'ప్రయోగం విద్యార్థి స్వహస్తాలతోనే చేయవలెను.' నాలుగోది: 'వీడియోలో విద్యార్థి గొంతు తప్ప మరెవరి మాటా వినిపించరాదు.' స్వహస్తాలు అన్న మాట మీద నాకు నేనే మురిసిపోయాను.

నేను మరిచిపోయింది ఒక్కటే, కంగ్టి బస్సు. నాలుగింటికి అది పోయిందంటే ఆ వైపు పిల్లలకు మళ్లీ దిక్కు లేదు. ల్యాబు రెండింటికి మొదలు. ఒక్క బ్యూరెట్టు. ఒక్కో బ్యాచ్‌లో ఇరవైమంది. మనూర్ పిల్లకు చెయ్యి వణుకుతుంది, కంగ్టి పిల్లగాడు గడియారం చూస్తాడు, వీడియోలో తప్పొస్తే మళ్లీ మొదట్నుంచి చేయాలి. మొదటి రోజే ఒకమ్మాయి ఏడుపు మొహం పెట్టింది.

"కాకా, నా చెయ్యి ఆగుతలేదు. బస్సు పోతది."

"పోదు తియ్. ఆ ఫోను నువ్వు పట్టు. జర కిందికి. నా మొఖం రావొద్దు, చెయ్యి ఒక్కటే రావాలె. నేను పోస్త, నువ్వు సదువు."

ఒక్క ప్రయత్నంలో అయిపోయింది. కాకాకు రెండో ప్రయత్నం అంటే ఏమిటో తెలియదు. ఆ రోజు ఇరవైమందీ బస్సు ఎక్కారు.

ఎడిటింగ్ ఎవరికీ రాదు. బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో అతనికి వచ్చు. కానీ అతనికి వచ్చిన ఎడిటింగ్ ఒక్కటే, పెళ్లిది. కాబట్టి నాకు చేరిన మొదటి వీడియోలో రెండు గుండెబొమ్మలు విచ్చుకున్నాయి. ఒకదాంట్లో విద్యార్థిని ఫొటో, రెండోదాంట్లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా. సన్నాయి మొదలైంది. బ్యూరెట్టు మీద కెమెరా పెళ్లికూతురి మీద తిరిగినట్టు కిందినుంచి పైకి తిరిగింది. ఫ్లాస్కులో ఉల్లిపొర రంగు రాగానే తెరంతా గులాబిరేకులు రాలాయి. అక్షింతలు కూడా పడ్డాయని నా జ్ఞాపకం, పడకపోతే ఆశ్చర్యం. ఆఖర్న 'ఆశీస్సులతో' అని పెద్దక్షరాలు వేసి, కరెస్పాండెంటు, ప్రిన్సిపల్, నేను, స్టూడియో యజమాని, వాళ్ల బావమరిది పేర్లు.

నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి. ఆ నీళ్లలోంచే చూశాను, పసుప్పచ్చ బొటనవేలు. చీలిన గోరు. అక్షింతల కింద అది తాపీగా కుళాయి తిప్పుతోంది.

పదికి పది వేశాను. మొదటి బ్యాచ్ అందరికీ అంతే. మూడేళ్లలో మొత్తం నూట నలభై మూడు వీడియోలు. ప్రతి దాంట్లో ఒక కొత్త గొంతు, ఒక కొత్త పేరు, అదే బొటనవేలు. ఆ వేలిని గుర్తుపట్టేది నేనొక్కణ్నే, మార్కులు వేసేదీ నేనొక్కణ్నే. ఇంత రహస్యాన్ని ఇంత హాయిగా మోసినవాడు ఈ తాలూకాలో ఇంకొకడు లేడు. కాలేజీ పేరు పెరిగింది, నా పేరు పెరిగింది. వాట్సాప్‌లో ఆ వీడియోలు చూసిన పక్క ఊళ్ల అధ్యాపకులు ఫోన్ చేసి, "మీ పిల్లల చేతులకు అంత నిలకడ ఎట్లొచ్చింది సార్?" అని అడిగేవాళ్లు. సాధన అని చెప్పేవాణ్ని.

ఒకరోజు పిల్లలంతా వెళ్లాక కాకా బ్యూరెట్టును లుంగీలో చుడుతూ అన్నాడు.

"సారూ, ఒక మాట అడగాల్నా?"

"అడుగు కాకా."

"గా పెండ్లి క్యాసెట్ల ఆఖరుకు పేర్లు పడ్తున్నయ్ గద."

"పెళ్లి క్యాసెట్టు కాదు కాకా, అసైన్‌మెంట్."

"ఏదైతేంది. గండ్ల నీ పేరు పడ్తది, మంచిదే. స్టూడియోవోని పేరు పడ్తది. ఆనికి నైట్రేటు అంటే అత్తనో కోడలో తెల్వదు. ఆని బామ్మర్ది పేరు గుడ పడ్తది. నాది ఒక్కటి ఏయరాదూ?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"మజాక్ గాదు సారూ. ల్యాబు పోస్టు పడ్తదంటున్నరు. పర్మనెంటుదంట. నా కాయితాల్ల నేను ఊడ్సెటోన్ని. పద్దెనిమిదేండ్ల సంది ల్యాబు జేస్తున్న అంటే ఎవడు నమ్ముతడు? సాక్ష్యం అడుగుతరు. నా ముద్రలు లేవు, నాకు సంతకం సక్కగ రాదు. ఇగో, ఈ చేతులు పడ్డయ్ గద అన్నిట్ల? కింద పేరొక్కటి ఉంటే సూపెడ్త. కాలేజి తనిఖీకి టీమోళ్లు వస్తరంట గద, ఆళ్ల ముందల నువ్వొక్క మాటంటె సాలు."

"చూద్దాం కాకా" అన్నాను.

చూద్దాం అన్న మాటను కనిపెట్టినవాడికి గుడి కట్టాలి. దాంట్లో అవును ఉండదు, కాదు ఉండదు. అడిగినవాడు నెలల తరబడి దాన్ని పట్టుకుని వేలాడతాడు. పేరు వేస్తే నా మూడో నియమం ఏమవుతుంది? స్వహస్తాలు ఏమవుతాయి? నూట నలభై మూడు పదుల మార్కులు ఏమవుతాయి? అన్నిటికన్నా ముందు, నా నిలకడ ఏమవుతుంది?

కాకా మాత్రం నేను ఒప్పుకున్నాననే అనుకున్నాడు. రోజూ పొద్దున నమస్తే పెట్టేటప్పుడు ఆ బొటనవేలు కొంచెం పైకి లేపి చూపించేవాడు, మరిచిపోకు అన్నట్టు.

తనిఖీ టీమ్ వచ్చింది. ముగ్గురు. గేటు నుంచి ప్రిన్సిపల్ గది దాకా మా వాళ్లు పరిచిన పూలతో నాలుగు పెళ్లిళ్లు చేయొచ్చు. మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పుండి కూర. తరువాత పెద్ద తెర మీద మా వీడియోలు. కరెస్పాండెంటు మొదటి వరసలో, ఆయన పక్కన ఆయన బామ్మర్ది కొడుకు. ఆ అబ్బాయి ఆ రోజు అక్కడెందుకున్నాడో నాకప్పుడు తెలియదు. లేదు, తెలుసు. అబద్ధం ఎందుకు, అప్పుడే తెలుసు.

టీమ్‌లో ఒక మేడమ్ ఉంది. సన్నటి కళ్లద్దాలు. మూడు వీడియోలు చూసింది. నాలుగోదాంట్లో గులాబిరేకులు రాలుతుండగా, "కొంచెం ఆపండి" అంది. తెర నిండా బొటనవేలు. అసలు వేలికి ఇరవైరెట్లు. గోరు చీలిక వాగంత వెడల్పుగా కనిపించింది.

"నాలుగింటిలోనూ ఒకటే చేతుల్లా ఉన్నాయి. ఈ చేతులు ఎవరివి?"

అదే క్షణంలో కాకా లోపలికి వచ్చాడు, పళ్లెంలో నీళ్ల గ్లాసులు పెట్టుకుని. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నూనె రాసి తల దువ్వుకున్నాడు. ప్రశ్న విని నిలబడిపోయాడు. పళ్లెం అంచు మీద ఆ బొటనవేలు, మేడమ్‌కు రెండడుగుల దూరంలో. ఆమె కళ్లద్దాలు కొంచెం కిందికి దించితే చాలు, చూసేది. నేను నోరు తెరిస్తే చాలు, అదీ అక్కర్లేదు, చెయ్యి చాపి చూపిస్తే చాలు.

"విద్యార్థులవే మేడమ్" అన్నాను.

"అందరివీ ఇట్లాగే ఉన్నాయా?"

"గ్రూప్ వర్క్ మేడమ్."

కరెస్పాండెంటు గట్టిగా నవ్వాడు. అందరూ నవ్వారు. మేడమ్ ఏదో రాసుకుంది. కాకా వరసగా అందరికీ నీళ్లిస్తూ చివరికి నా దగ్గరికి వచ్చాడు.

"తాగు సారూ. గొంతెండినట్టుంది."

అంతే అన్నాడు. గొంతులో వెటకారం ఉంటే బాగుండేది. వెతికాను, లేదు. నీళ్లు తాగాను.

నెల తిరిగేసరికి టీమ్ రిపోర్టు వచ్చింది. మా విద్యార్థుల హస్తనైపుణ్యం శ్లాఘనీయమని అందులో ఉంది. ప్రిన్సిపల్ ఆ వాక్యాన్ని ఫ్లెక్సీ మీద వేయించి గేటుకు కట్టించాడు, పక్కన నా ఫొటో. ఫ్లెక్సీకి కొయ్యలు పాతి, తాడు బిగించి కట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు కదా. ఆ నెలలోనే ల్యాబు పోస్టు కరెస్పాండెంటు బామ్మర్ది కొడుకుకు ఇచ్చారు. ఆ అబ్బాయికి సర్టిఫికెట్లున్నాయి. కాకాకు లేవు. కాగితం ప్రకారం అన్యాయం ఎక్కడా జరగలేదు.

తరువాతి సోమవారం వీడియోల రోజు. కాకా వచ్చాడు. రెండు చేతులకు మురుగు మోరీలు తీసేవాళ్లు తొడుక్కునే నారింజరంగు రబ్బరు తొడుగులు, మోచేతుల దాకా.

"ఇదేంది కాకా?" అన్నాను.

"ఊడ్సెటోళ్లకు ఆఫీసోళ్లు ఇచ్చిన్రు సారూ. నాకు గుడ హక్కున్నది." బ్యూరెట్టు అందుకున్నాడు. "ఇగ ఎవలవన్న ఒక్కటే గద. గ్రూపు వర్కు."

ప్రిన్సిపల్ అటుగా పోతూ తొంగిచూసి, "శభాష్, సేఫ్టీ!" అన్నాడు.

ఆ తొడుగులతో కుళాయి సరిగ్గా తిరగలేదు. ఆయన జీవితంలో మొదటిసారి ఫ్లాస్కు గులాలయ్యింది. 'సాక్' అనలేదు. ఎర్రగా, ఇంకా ఎర్రగా అయ్యేదాకా చూస్తూ ఊరుకున్నాడు. అమ్మాయి బిత్తరపోయి ఫోను దించింది. కాకా బ్యూరెట్టును కడిగి, లుంగీలో చుట్టి, పై అరలో పెట్టి, చీపురు తీసుకుని వరండాలోకి వెళ్లాడు. మళ్లీ వీడియో చేయలేదు. కంగ్టి బస్సు ఆ రోజు చాలామందికి తప్పిపోయింది.

కొత్త అబ్బాయి శుభ్రత ఇష్టపడేవాడు. సీసాల మెడలకున్న దారాలు, పేలికలు కత్తిరించి చెత్తబుట్టలో వేసి, ముచ్చటైన లేబుళ్లు ముద్రించి అంటించాడు. ఆషాఢానికి అవన్నీ రాలిపోయాయి. ప్రాక్టికల్ పరీక్షలకు వారం ముందు, ఏ సీసాలో ఏముందో భూమ్మీద ఎవరికీ తెలియని పరిస్థితి. నాకు తెలియదు, సర్టిఫికెట్లకు తెలియదు. వరండాలోకి వెళ్లి బతిమాలుకున్నాను.

"ఊడ్సెటోనితోని ఏం పని సారూ?"

"పిల్లలు ఆగమైతరు కాకా."

పిల్లలు అన్న మాట ఆయన మీద పనిచేస్తుందని నాకు తెలుసు. తెలిసే వాడాను. వచ్చాడు. కానీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"చెయ్యి పెట్టను. నువ్వు మూత తియ్. దూరం కెళ్లి ఇటు ఇసురు. ఆఁ, ఇది ఉప్పుమందు. గిది తెలుస్తలేదా, కండ్లల్ల నీళ్లొస్తున్నయ్, అమ్మోన్యా. గా పెద్దది ఊపు. నూనె లెక్క కదులుతుందా? గంధకపుది. పక్కకు వెట్టు, పానం తీస్తది."

ఇరవై నిమిషాల్లో బీరువా మొత్తం తేలింది. ఒక్క సీసా కూడా ముట్టుకోలేదు. వెళ్తూ వెళ్తూ దారాలు కత్తిరించిన సీసాల మెడల వైపు చూసి, "పద్దెనిమిదేండ్ల దారం" అన్నాడు. మిగతా మాట కన్నడంలో అన్నాడు. నాకు అర్థం కాలేదని అనుకుందాం.

ఆ ఏడాది చివర్లో అరవై నిండాయని రావొద్దన్నారు. స్వీపర్లకు వీడ్కోలు సభలు ఉండవు. తరువాత ఆయన్ని చూడలేదు. బస్టాండులో ఒకసారి చూసినట్టే అనిపించి ఫోను చెవికి పెట్టుకున్నాను. అటువైపు ఎవరూ లేరు.

చనిపోయిన ఐదోరోజు వాళ్ల ఊరికి వెళ్లాను. ముంగిట్లో కందికట్టె మోపులు గోడకు ఆనించి ఉన్నాయి. ఆయన భార్య గడప మీద కూర్చుని ఉంది. నేనెవరో చెప్పాను.

"కెమిస్ట్రీ సారువా? నీ ముచ్చట చెప్తుండె."

"ఏమనేవాడు అవ్వా?"

"మంచోడే గని, నోట్లె ముద్ద పెట్టుకున్నట్టు మాట్లాడ్తడు అంటుండె."

నోట్లో ఆ ముద్ద అప్పుడు కూడా ఉంది.

"సారూ, ఆయన మాట మీ ఫోన్లల్ల ఉంటదట గద? పోరగాండ్లు వీడియో తీస్తుంటే నేను పక్కకెళ్లి చెప్తుంటి, నా మాట అండ్లనే ఉంటది అన్నడు. మా ఇంట్ల ఆయన మాట ఏడ లేదు. జర ఇనిపియ్."

ఫోను తీశాను. తెర మీద గుండెబొమ్మలు విచ్చుకున్నాయి. చావు ఇంట్లో సన్నాయి మొదలైంది. గాభరాగా రెండోది తీశాను, సన్నాయి. మూడోది, సన్నాయి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తలలు బయటపెట్టి చూశారు. ఆమె మాత్రం తెర మీదికి వంగి చూస్తోంది.

"ఆయన చెయ్యే" అంది. వేలితో ఆ బొటనవేలిని తడిమింది. తెర మీద వేలు తగలగానే వీడియో ఆగిపోయింది. "మాటేది మరి? పెదవులు గుడ లేవు, మాట గుడ లేదు. పెండ్లి బాజా ఎందుకు సారూ?"

నాలుగో నియమం వల్ల అవ్వా, అని చెప్పలేదు. తెచ్చిపెడతానని చెప్పాను.

తిరిగి వచ్చి బస్టాండు దగ్గర దిగీ దిగగానే స్టూడియోకు వెళ్లాను. మొదట తీసిన వీడియోలు, సన్నాయి వేయనివి ఉన్నాయా అని అడిగాను. అతను నన్ను జాలిగా చూశాడు.

"గవి ఎప్పుడో తీసేసినం సార్. పెండ్లిల్ల సీజన్ల జాగ ఏడుంటది? అయినా మీరే గద అన్నరు, ఎనుకకెళ్లి ఎవలదో మాటొస్తుంది, వద్దు అని. ఒక్కొక్కటి కూసోని తీసిన. అబ్బ, ఆ ముసలాయన ఊకుండె గాదు సార్. ఆఖరుకు 'సాక్' అని ఒక కూత. అది తియ్యనీకి జాన్ పోయింది. ఎంత సాఫ్ జేసిన్నో సూడుర్రి, యాడన్న ఇనపడ్తదా?"

ఎక్కడా వినపడదు. నూట నలభై మూడూ విన్నాను, చెవికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. నిజంగా బాగా చేశాడు.

మొన్న ఈ ఏడాది పిల్లలకు టైట్రేషన్ చెప్తున్నాను. కుళాయి ఎట్లా పట్టుకోవాలో నా చేతితో చూపిస్తే కుదరడం లేదు. ఎన్నడు పట్టుకున్నాను కనుక. పాత వీడియో ఒకటి సన్నాయి ఆపి తెర మీద వేశాను. పిల్లలు గులాబిరేకులకు పకపకా నవ్వారు. తరువాత చేతుల్ని చూసి నవ్వడం ఆపారు. చూస్తే తెలిసిపోతుంది, ఆ చేతులకు పని వచ్చని. ముందు బెంచీలో కంగ్టి నుంచి వచ్చే అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, ఈ చేతులు ఎవలవి సార్?"

ఈసారి చెప్పాను. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు చెప్పాను. ఊరు చెప్పాను. స్వీపర్ కాదని, ఈ ల్యాబులో పద్దెనిమిదేళ్లు ప్రయోగాలు చేసింది ఆయనేనని, మీ సీనియర్లందరి మార్కులూ ఆ చేతులవేనని చెప్పాను. నా గొంతు గట్టిగా, స్పష్టంగా ఉంది. కరెస్పాండెంటు లేడు, టీమ్ లేదు, బీరువా పక్కన నీళ్ల పళ్లెం పట్టుకుని ఎవరూ నిలబడి లేరు. అలాంటి చోట నేను భలే ధైర్యంగా మాట్లాడతాను.

ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. పేరు అక్షరం అక్షరం నన్నడిగి, దిద్దుకుని రాసింది. రాసి తలెత్తింది.

"ఇంటర్నల్స్‌ల అడుగుతరా సార్?"

"అడగరు" అన్నాను.

"అచ్ఛా సార్" అంది. పెట్టెలోంచి స్కేలు తీసి ఆ పేరు మీద పెట్టి, పక్క అక్షరాలకు తగలకుండా, సైన్సు విద్యార్థులకు నేనే నేర్పిన పద్ధతిలో, ఒకే ఒక గీతతో నీటుగా కొట్టేసింది.